దేవుడి మీద భారం వేశాక నిర్ణయం ఎవరిది?

తెల్లకాగితం:
మూడు నెలలుగా ఒకే చోట ఆగిపోయాను. వేరే ఊళ్లో మంచి ఉద్యోగం వచ్చింది. వెళ్తే అమ్మ దగ్గర ఎవరూ ఉండరు. ఆమెకి మతిమరుపు జబ్బు ఇప్పుడిప్పుడే మొదలైంది, మొన్న స్టవ్ వెలిగించి మర్చిపోయింది. రోజూ ప్రార్థన చేస్తున్నాను, బైబిల్లో గిద్యోను అనే నాయకుడు దేవుణ్ని అడిగినట్టు ఒక గుర్తు చూపించమని కూడా అడిగాను, ఏమీ రాలేదు. శుక్రవారంలోగా కంపెనీకి చెప్పాలి. గుర్తు వచ్చేదాకా ఆగాలా, నాకు తోచినట్టు తేల్చుకోవాలా? బైబిల్లోని సామెతల గ్రంథం 3:5లో స్వబుద్ధిని ఆధారం చేసుకోవద్దని ఉంది కదా, అందుకే భయం.

దీపస్తంభం:
ఆగండి. బైబిల్లో అపొస్తలుల కార్యములు 16లో, ఊరూరా తిరిగి యేసు గురించి చాటే పౌలు ఆసియ అనే రోమా రాష్ట్రంలో వాక్యం చెబుదామనుకుంటే దేవుని ఆత్మ ఆపింది, బితూనియకి వెళ్లబోతే మళ్లీ ఆపింది. చివరికి త్రోయలో రాత్రిపూట దర్శనం వచ్చాకే మాసిదోనియకి బయలుదేరాడు. దేవుడు చెప్పకముందే కదిలితే ఏమవుతుందో నాకు తెలుసు, అలా తొందరపడి రెండేళ్లు ఏడ్చినవాణ్ని.

బాటసారి:
దీపస్తంభం గారూ, అదే అధ్యాయం నాకు ఇంకోలా అర్థమైంది. పౌలు ఇంట్లో కూర్చుని ఎదురు చూడలేదు, నడుస్తూనే ఉన్నాడు, నడిచేవాడు కాబట్టే ఆపాల్సి వచ్చింది. దర్శనం వచ్చాక కూడా 10వ వచనంలో ‘మేము నిశ్చయించుకొని’ అని ఉంది చూడండి, అంటే తోటివాళ్లతో కలిసి ఆలోచించి తేల్చుకున్నారు. ఇక గిద్యోనుకైతే ఏం చేయాలో దేవుడు ముందే చెప్పేశాడు. అయినా ధైర్యం చాలక ఒక రాత్రి గొర్రెబొచ్చు తడవాలి నేల పొడిగా ఉండాలి అన్నాడు, అది జరిగాక మర్నాడు తిరగేసి అడిగాడు, అడుగుతూ కోపపడొద్దని బతిమాలుకున్నాడు కూడా. మనమేమో దాన్ని పద్ధతిగా పట్టుకున్నాం.

నా సంగతి చెప్తాను. నాన్న ఆపరేషన్‌కి సంతకం పెట్టాల్సిన రాత్రి ఫారం ఒళ్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని బైబిల్ తెరిచాను, ఎక్కడ వేలు పడితే అదే జవాబు అనుకుని. వంశావళి వచ్చింది. ఫలానావాడు ఫలానావాణ్ని కనెను, అంతే. నర్సు మూడోసారి వచ్చి ‘అన్నా, పెట్టేస్తావా’ అంది, పెన్ను క్యాప్ ఆమే తీసి ఇచ్చింది. పెట్టాను. తొమ్మిదో రోజు నాన్న పోయారు. దేవుడి మాట నేనే సరిగా వినలేదేమో అని చాలాకాలం తిండి సహించలేదు. ఇప్పుడు అలా అనుకోవట్లేదు. డాక్టర్ చెప్పింది శ్రద్ధగా విన్నాను, అన్నయ్యతో మాట్లాడాను, ప్రేమతోనే పెట్టాను. ఫలితం చేదైనంత మాత్రాన దారి తప్పినట్టు కాదు, సిలువకి ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు మూడుసార్లు ప్రార్థించినా ఆ బాధల గిన్నె తొలగిపోలేదు.

రావినీడ:
నేను క్రైస్తవురాలిని కాను, అయినా ఒక మాట. గీత 18:63లో కృష్ణుడు అంతా చెప్పేసి ‘యథేచ్ఛసి తథా కురు’ అంటాడు, పూర్తిగా విచారించి నీ ఇష్టప్రకారం చెయ్యి అని. శరణు వేడమనే 66వ శ్లోకం దాని తర్వాతే వస్తుంది. యుద్ధం మాత్రం అర్జునుడే చేయాలి కదా.

దీపస్తంభం:
బాటసారి గారూ, నాన్నగారి విషయం చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. గిద్యోను గురించి మీరన్నది ఒప్పుకుంటున్నా. కానీ నా భయం వేరు. జీతం ఎక్కువని మనసు ముందే అటు మొగ్గి ఉంటుంది, ఆ తర్వాత దేవుడే నడిపించాడు అంటాం. మన కోరిక మీద ఆయన సంతకం పెట్టించుకోవడమే కదా అది! నేను చేసింది సరిగ్గా అదే.

బాటసారి:
నిజమే, ఆ ప్రమాదం ఉంది. అందుకే వద్దు అని మొహం మీద చెప్పగలిగే మనిషి ఒకరైనా కావాలి. ఇగ్నేషియస్ లొయోలా అనే కాథలిక్ గురువు 16వ శతాబ్దంలో చెప్పిన సాధన ఒకటి నాకు బాగా పనికొచ్చింది. మీరు ఎన్నడూ చూడని మనిషి ఒకరు ఇదే సమస్యతో వచ్చారనుకోండి, వాళ్ల మేలు తప్ప మీకు ఇంకేమీ అక్కర్లేదు, ఏం చెప్తారు? అదే మీరు చేయండి అంటాడాయన. మనసు కలత పడి చీకటిగా ఉన్నప్పుడు, ముందు నెమ్మదిగా తీసుకున్న నిర్ణయాన్ని మార్చొద్దని కూడా అన్నాడు. తెల్లకాగితం గారూ, ఈ రాత్రికి ఇది చేసి చూడండి, టెన్షన్‌తో కాదు, ప్రార్థన చేసుకున్నాక.

తెల్లకాగితం:
చేశాను. ఆ తెలియని మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకున్నట్టు ఊహించుకుంటే నా నోట్లోంచి మొదట వచ్చిన మాట, ‘మీ అమ్మగారు ఏమన్నారు?’ అని. దేవుణ్ని మూడు నెలలుగా అడుగుతున్నాను, మిమ్మల్నందరినీ అడిగాను, అమ్మని ఒక్కసారి కూడా అడగలేదు. అడిగితే ఏడుస్తుందనో, వెళ్లమంటుందనో... పొద్దున పూట ఆమెకి అన్నీ బాగా గుర్తుంటాయి. రేపు లేవగానే పక్కన కూర్చుని అడుగుతాను. కంపెనీని ఇంకో వారం గడువు కూడా అడుగుతున్నాను.