బెంగళూరులో చిన్న జీతం, ముగ్గురి సంసారం: తిండి ఖర్చు ఎక్కడ తగ్గించాలి, ఎక్కడ తగ్గించకూడదు?

పీణ్య అద్దెదారు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మాది మదనపల్లె దగ్గర ఒక పల్లె. నేను పీణ్య పారిశ్రామికవాడలో ఒక గోదాములో పనిచేస్తున్నాను, నా భార్య గార్మెంట్స్‌లో కుట్టుపనికి వెళ్తుంది, బాబు సర్కారు బడిలో ఒకటో తరగతి చదువుతున్నాడు. అద్దె, బస్సు ఖర్చులు, ఊళ్ళో అమ్మకు పంపేది పోగా తిండికి నెలకు 6,500 రూపాయలకు మించి మిగలడం లేదు. పొద్దున తీరిక లేక టిఫిన్ బయట తింటాము. ఆ ఖర్చు వల్ల నెలాఖరుకు పప్పు, గుడ్లు మానేసి చారన్నంతో సరిపెట్టుకోవలసి వస్తోంది. ఈమధ్య నా భార్యకు రక్తం తక్కువగా ఉందని పరీక్షలో తేలింది. మాది ఒకటే గది, ఒకటే పొయ్యి, ఫ్రిజ్ లేదు. ఇదే డబ్బుతో ఇంతకంటే మంచి తిండి తినడానికి వీలుందా? అనుభవమున్న పెద్దలు దయచేసి చెప్పగలరు.

కోలారు కోడలు:

బాబూ, మాది పుంగనూరు, మెట్టినిల్లు కోలారు, ఉంటున్నది యశవంతపురం. మీ లెక్కలో తప్పకుండా మార్చవలసింది ఒకటి కనిపిస్తోంది. డబ్బు తగ్గినప్పుడు అందరూ మొదట కోసేది పప్పునే, నిజానికి అది చివర కోయవలసినది. బియ్యంలో మాంసకృత్తులు కొద్దిగానైనా ఉంటాయి కానీ వాటిలో లైసిన్ అనే ముఖ్యమైన అంశం తక్కువ. ఆ కొరతను తీర్చేది పప్పుధాన్యాలే కాబట్టి, అన్నం ఎంత ఎక్కువ తిన్నా పప్పు చేసే పని అది చేయదు. 60 కిలోల మనిషికి రోజుకు సుమారు 50 గ్రాముల మాంసకృత్తులు కావాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క.

కందిపప్పు ధర అందనంత పెరిగితే ఉలవలు కొనండి. రెండింటిలోనూ మాంసకృత్తులు దాదాపు సమానం, 100 గ్రాములకు 22 గ్రాముల దరిదాపుల్లో ఉంటాయి, ధరలో మాత్రం మా అంగట్లో ఉలవలే ఎప్పుడూ తక్కువ. ఇక్కడి పల్లెల్లో బస్సారు అని ఒకటి చేస్తారు, ఒక్క పొయ్యి ఉన్నవారికి అంతకు మించిన వంట నాకు కనబడలేదు. ఉలవలు రాత్రి నానబెట్టి, పొద్దున కుక్కర్‌లో నీళ్ళు ధారాళంగా పోసి మెత్తగా ఉడికించి, ఆ తర్వాత కడిగి తరిగిన తోటకూర అందులోనే వేసి రెండు పొంగులు రానిచ్చి, కట్టును, అంటే గింజలు ఉడికిన నీళ్ళను, వేరే గిన్నెలోకి వార్చాలి. ఉడికిన గింజలు ఒక గుప్పెడు తీసి ఎండుమిరపకాయలు, ధనియాలు, జీలకర్ర, వెల్లుల్లి, చింతపండు, ఉంటే కాస్త కొబ్బరి చేర్చి నూరి, ఆ ముద్దను కట్టులో కలిపి మరిగిస్తే చారు సిద్ధం. మిగిలిన గింజలకు, ఆకుకూరకు ఆవాలు, ఉల్లిపాయతో తాలింపు పెడితే పొడికూర. నానబెట్టిన నీళ్ళు తప్ప ఏదీ పారబోయనక్కర లేదు. చారును రాత్రి మళ్ళీ తెర్లకాచి దించితే ఫ్రిజ్ లేకపోయినా మరునాటి పొద్దుటికి ఉంటుంది, పైగా రుచి పెరుగుతుంది. ఉలవలు దొరకనప్పుడు అలసందలతో, డిసెంబరు, జనవరి నెలల్లో మార్కెట్టు నిండా అనపకాయలు దిగినప్పుడు ఆ గింజలతో ఇదే వంట చేసుకోవచ్చు. అనపకాయల కాలంలో పితికిపప్పు (నానిన గింజల తొక్క పితికి తీసి చేసే కూర) చేయకుండా ఉండలేము, కాకపోతే దానికి ఓపిక చాలా కావాలి.

రెండో మార్పు రాగులు. 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, పాలిష్ పట్టిన బియ్యంలో అది 10 మిల్లీగ్రాముల దరిదాపుల్లోనే ఉంటుంది. మీరు సంగటి తిని పెరిగిన ఊరివారే కాబట్టి ఎలా కెలకాలో నేను చెప్పనవసరం లేదు. పొద్దున టిఫిన్ బదులు రాత్రి పులియబెట్టిన రాగి అంబలిలో మజ్జిగ, ఉల్లిపాయ కలిపి తాగి, ఊరుబిండి అనే రోటి పచ్చడితో ఒక సంగటి ముద్ద తింటే మధ్యాహ్నం దాకా ఆకలి వేయదు.

ఇక మీ ఇంటామె విషయం. ఆకుకూరల్లోని ఇనుము ఒంటికి సరిగా పట్టాలంటే అదే పూట నిమ్మరసమో, ఉసిరికాయో, జామపండో ఉండాలి, భోజనం వెంటనే టీ తాగకూడదు. అయినా రక్తహీనత తేలిన తర్వాత తిండి ఒక్కటే చాలదు. సర్కారు నమ్మ క్లినిక్‌లోనో ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనో చూపించి, వారిచ్చే ఐరన్ మాత్రలు చెప్పినన్నాళ్ళూ మానకుండా వాడించండి.

రేషన్ లెక్కలు తెలిసినవాడు:

పై అమ్మగారు వంట చెప్పారు కనుక నేను సరుకు సంగతి చెబుతాను. మీ ఆంధ్ర బియ్యం కార్డు జాతీయ ఆహార భద్రతా చట్టం కిందిదైతే మనిషికి నెలకు 5 కిలోల ధాన్యం బెంగళూరులోని ఏ చౌక దుకాణంలోనైనా ఉచితంగా తీసుకోవచ్చు. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు పథకం ఉన్నది అందుకే. కార్డు నంబరు, ఆధార్ తీసుకుని వెళ్ళి వేలిముద్ర వేస్తే సరిపోతుంది. మీ అమ్మగారి పేరు అదే కార్డులో ఉంటే ఆమె వాటా ఆమె ఊళ్ళోనే తీసుకోవచ్చు, మీ వాటా మీరు ఇక్కడ తీసుకోవచ్చు. రాష్ట్ర ప్రభుత్వం సొంత ఖర్చుతో ఇచ్చిన కార్డులకు మాత్రం ఈ వెసులుబాటు లేదు. కర్ణాటక ప్రభుత్వం అన్నభాగ్య పథకం కింద ఇచ్చే అదనపు వాటా కూడా ఇక్కడి కార్డుదారులకే. మీ కార్డు ఏ రకానిదో ముందు ఊళ్ళో సచివాలయంలో కనుక్కోండి.

ఇంకొకటి. రేషన్ బియ్యంలో అక్కడక్కడా కొంచెం పాలిపోయిన రంగులో, నీళ్ళలో తేలే గింజలు కనిపిస్తే ప్లాస్టిక్ బియ్యమని ఏరి పారేసేవారిని మా వీధిలో చూస్తూనే ఉన్నాను. అవి బియ్యప్పిండికి ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 విటమిన్ చేర్చి తయారుచేసి, నూరు కిలోలకు ఒక కిలో చొప్పున కలిపినవి. రక్తం తక్కువైన మనిషి ఉన్న ఇంట్లో వాటినే ఏరి పారేయడం ఎంత విడ్డూరం! కడిగేటప్పుడు కూడా గట్టిగా పిసకకుండా ఒకసారి కడిగితే చాలు.

రెండు షిఫ్టులు చూసినవాణ్ణి:

కోలారు అమ్మగారి సలహాలో కాదనవలసినది ఏమీ లేదు, కానీ రాత్రి నానబెట్టడం, పొద్దున వార్చడం, నూరడం, సంగటి కెలకడం ఎవరి చేతి మీదుగా జరగాలో ఎవరూ అడగలేదు. రోజంతా మిషను ముందు కూర్చుని వచ్చిన రక్తం లేని మనిషి మీద ఇదంతా వేస్తే, తిండిలో కలిసొచ్చిన బలం వంటలోనే పోతుంది. అయ్యా, పొద్దుటి కుక్కర్ మీరు పెట్టండి, గోదాము పనికంటే అదేమీ కష్టం కాదు. మసాలా పొడిని ఆదివారం నాడు వారానికి సరిపడా వేయించి కొట్టి పెట్టుకుంటే రోజూ నూరే పని తప్పుతుంది.

అసలు వండలేని పూట మామూలు హోటలుకు వెళ్ళకండి. 2017 ఆగస్టులో ఇక్కడి సర్కారు వారి ఇందిరా క్యాంటీన్లు మొదలైనప్పుడు ఉదయపు టిఫిన్ 5 రూపాయలకు, భోజనం 10 రూపాయలకు పెట్టారు. మీకు దగ్గరలో ఒకటి ఉంటే ఆ పూటకు అదే మేలు. అక్కడ తినడానికి నామోషీ పడేవారూ ఉన్నారు, నాకది అర్థం కాదు. బాబుకు బడిలో మధ్యాహ్న భోజనం, పాలు, గుడ్డు వస్తాయి కదా, వాడు నిజంగా తింటున్నాడా, డబ్బాలో బిస్కెట్లు పెట్టి పంపడం వల్ల వదిలేస్తున్నాడా అన్నది ఒకసారి విచారించండి. గుడ్డు తినని పిల్లలకు అరటిపండు ఇస్తారు.

పీణ్య అద్దెదారు:

అందరికీ కృతజ్ఞతలు. పొద్దుటి వంట నేనే మొదలుపెడతాను, కార్డు సంగతి ఊళ్ళో కనుక్కుంటాను. రెండే సందేహాలు మిగిలాయి. ఉలవలు వేడి చేస్తాయని మా అత్తగారు బాబుకు పెట్టనివ్వరు. గ్యాసు కనెక్షన్ మా పేరున లేదు, బయట చిల్లరగా నింపించుకుంటున్నాము, అది ఎక్కువ పడుతోంది.

కోలారు కోడలు:

అత్తగారి మాట తోసేయకండి, బాబుకు ఉలవల గింజలు కాకుండా చారు కొద్దిగా పోసి వెంట మజ్జిగ ఇవ్వండి, మిగతా రోజుల్లో పెసలో అలసందలో పెట్టండి, ఆవిడకూ అభ్యంతరం ఉండదు. గ్యాసు చిల్లరగా నింపించుకోవడం ఖర్చు మాట అటుంచి ప్రమాదం. గ్యాసు కంపెనీలే అమ్మే 5 కిలోల చిన్న సిలిండరును చిరునామా పత్రం లేకుండా గుర్తింపు కార్డు చూపించి ఏజెన్సీలో కొనవచ్చు. గింజలు నానబెట్టి కుక్కర్‌లో వండితే గ్యాసూ మిగులుతుంది. ఒక విజిల్ రాగానే మంట తగ్గించి పదిహేను నిమిషాలు ఉంచి ఆపేయండి, ఆవిరి తగ్గేలోపు మిగతాది దానంతటదే ఉడుకుతుంది.