ఆపిల్ వెనిగర్ మీద ముడతల తెల్ల పొర: జాడీ ఉంచాలా, పారబోయాలా?

బెంగళూరు మల్లేశ్వరంలో ఉంటాం. ఇంట్లో ఆపిల్ సైడర్ వెనిగర్ పెట్టడం ఇదే మొదటిసారి. నవంబరు 20న కిలో సిమ్లా ఆపిల్స్ తొక్కతో సహా కోసి, కాచి చల్లార్చిన నీళ్లు 2 లీటర్లు, 150 గ్రాముల చక్కెర కలిపి గాజు జాడీలో పోశాను. మూతికి పలచటి నూలుగుడ్డ కట్టాను. వారం రోజులు బుసబుసా పొంగింది, సారా వాసన వచ్చింది. 15వ రోజు ముక్కలు వడకట్టేశాను. అంతవరకు బాగానే ఉంది.

ఇప్పటికి 40 రోజులు. పులుపు అంతంత మాత్రమే. పైన తెల్లటి పొర, చల్లారిన పాల మీద మీగడలా ముడతలు పడి, జాడీ కదిపితే పొడిపొడిగా విడిపోతోంది. వెనిగర్ 'తల్లి' (మదర్, అంటే సారాని వెనిగర్‌గా పులియబెట్టే బ్యాక్టీరియా కట్టే పొర) అయితే జిగురుగా, ఒకే ముక్కగా ఉండాలి కదా, ఇది అలా లేదు. ఆకుపచ్చ, నల్ల మచ్చలు లేవు, నూగులాంటి బూజూ లేదు. రెండుసార్లు గరిటెతో తీసేశాను, మూడో రోజుకి మళ్లీ కట్టింది. రాత్రిళ్లు వంటింట్లో 19 డిగ్రీలే ఉంటోందని ఫ్రిజ్ మీదికి మార్చాను. తేడా లేదు. ఇన్నాళ్లు కాచుకున్నాక పారబోయడానికి మనసొప్పడం లేదు.

తల్లి ఉన్న, వడకట్టని వెనిగర్ ఒక కప్పు కలిపితే ఈ జాడీ దారికొస్తుందా, లేక మళ్లీ మొదటినుంచి పెట్టుకోవాలా?