కెరీర్ గైడెన్స్ క్లాసు పనికొచ్చిందో లేదో ఎలా తెలుసుకోవాలి?

సోషల్_మాస్టారు:
మాది ప్రకాశం వైపు జిల్లా పరిషత్ హైస్కూల్. టెన్త్ పిల్లలకి కెరీర్ గైడెన్స్ బాధ్యత నాకు అప్పజెప్పారు. ఎవరో ఒకరు వస్తారు, గంట మాట్లాడతారు, ఫోటో తీసి గ్రూపులో పెడతాం, రిజిస్టర్లో సంతకం, అంతే. పైనుంచి అడిగేది కూడా ఎంతమంది హాజరయ్యారనే. మొన్న వచ్చినాయన ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీ పీఆర్‌వో, గంటసేపూ ఫీజు రాయితీ గురించే చెప్పి వెళ్లాడు, దాన్నీ గైడెన్స్ లెక్కలోనే రాశాం. అసలు పిల్లల బుర్రకి ఏమన్నా ఎక్కిందా అని చూసే పద్ధతి మీ బళ్లలో ఉందా? ఫీడ్‌బ్యాక్ ఫారం అనకండి, ఇస్తే అందరూ 'చాలా బాగుంది సార్' అనే రాస్తారు.

డిప్లొమా_లెక్చరర్:
సార్, క్లాసు అయిన నెలకి ఓ పదిమందిని పిలిచి ఊరికే మాటల్లో పెట్టి అడగండి. పాలిసెట్ ఎందుకు రాస్తారు? డిప్లొమా అయ్యాక ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చని తెలుసా? నూజివీడు ట్రిపుల్ ఐటీలో సీటుకి చూసేది టెన్త్ మార్కులా, వేరే పరీక్షా? ఐటీఐలో ఏ ట్రేడులు ఉంటాయి? పదిమందీ 'ఎంపీసీ, బైపీసీ' దగ్గరే ఆగిపోతే మీ క్లాసు జరగనట్టే. బ్రాంచిలో ఏం చెప్తారో తెలియకుండా స్నేహితుడు తీసుకున్నాడని తీసుకున్నవాళ్లు మా దగ్గరికి ఏటా వస్తారు, వాళ్లతో మొదటి ఏడాది అంతా టెన్షనే.

లీడ్స్_టీచర్:
ఇంగ్లండ్‌లో గాట్స్‌బీ బెంచ్‌మార్క్స్ అని, బళ్లలో కెరీర్ గైడెన్స్ ఎలా ఉండాలో చెప్పే ప్రమాణాలు 2014 నుంచి ఉన్నాయండి, మొత్తం 8. అందులో మీకు పనికొచ్చేవి రెండు. ఒకటి, 16 ఏళ్లలోపు ప్రతి పిల్లాడితో కెరీర్ సలహాదారు విడిగా ఒకసారి కూర్చుని మాట్లాడాలి, 18 లోపు ఇంకోసారి. రెండోది, బడి వదిలాక కనీసం 3 ఏళ్లు ఎవరు ఎటు వెళ్లారో రికార్డు ఉంచాలి. ఈ ప్రమాణాల్లో బడి ఎంతవరకు వచ్చిందో చూసుకోవడానికి కంపాస్ అని ఆన్‌లైన్ టూల్ ఉంది. కాకపోతే అందులో నింపేది బడివాళ్లే, మన మార్కులు మనమే వేసుకున్నట్టు. ఆఫ్‌స్టెడ్ వాళ్లు, అంటే అక్కడ బళ్లని తనిఖీ చేసే ప్రభుత్వ సంస్థ వాళ్లు, వచ్చినప్పుడు పిల్లలతో నేరుగా మాట్లాడతారు, అసలు సంగతి అక్కడ బయటపడుతుంది.

ఇద్దరాడపిల్లల_అమ్మ:
అక్కడ సలహాదారులు ఉంటారు, ఇక్కడ ఉన్న సారుకే మూడు సెక్షన్లు, మధ్యాహ్న భోజనం లెక్కలు కూడానూ. విడిగా కూర్చోడానికి తీరికెక్కడిది? కానీ ఆ రికార్డు మాత్రం ఒక నోటుబుక్కుతో అయిపోతుంది. అక్టోబర్ నాటికి ఎవరు ఇంటర్లో, ఎవరు ఐటీఐలో, ఎవరు పనిలో, ఏ అమ్మాయికి పెళ్లి చేసేశారు, అన్నీ రాయండి. ఆ చివరిది ఏ రిపోర్టులోనూ అడగరు. ఇంకోటి, తల్లిదండ్రులు లేకుండా పెట్టిన గైడెన్స్ సగమే, మా ఇళ్లల్లో గ్రూపు తేల్చేది పిల్ల కాదు కదా.

సోషల్_మాస్టారు:
నోటుబుక్కు ఈ బ్యాచ్‌తోనే మొదలుపెడతానమ్మా. పీఆర్‌వోల విషయం మా హెచ్‌ఎంతో మాట్లాడతా. ఒక్క చిక్కు, పనులకి వలస వెళ్లే ఇళ్లు మా ఊళ్లో చాలా, ఫోన్ నంబర్లు మూణ్ణెల్లకోసారి మారిపోతాయి.

డిప్లొమా_లెక్చరర్:
వాళ్ల తమ్ముడో చెల్లెలో మీ బళ్లోనే ఉంటారుగా సార్. ఎనిమిదో తరగతిలో అడిగితే సగం నోటుబుక్కు నిండిపోతుంది.