కుందేలు మూత్రం ఎర్రగా వస్తోంది: నెత్తురా, తిండి రంగా?

గరికమేత:
ఆడ కుందేలు, న్యూజిలాండ్ వైట్, మూడున్నరేళ్లు, 2.6 కిలోలు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించలేదు, ఇంట్లో మగ కుందేలు లేదు. నాలుగు రోజులుగా ట్రేలో ఎరుపు కనిపిస్తోంది, అదీ ప్రతిసారీ కాదు. పొద్దున మామూలు పసుపు, సాయంత్రం ఎరుపు. తిండి మానలేదు, గెంతుతోంది. రోజూ గుప్పెడు పెల్లెట్లు (గుళికల మేత), రెండు పూటలా తోటకూర, మునగాకు పెడుతున్నాం. ఎండుగడ్డి తక్కువే తింటుంది. పోయిన వారం బీట్‌రూట్ ఆకు రెండుసార్లు పెట్టాం. "నెలసరి అయ్యుంటుంది, అదే తగ్గిపోతుంది" అంటున్నారు తెలిసినవాళ్లు. నిజమేనా? మూత్రం మంటకు మనం తాగే సిరప్ కొంచెం పట్టించవచ్చా?

కుందేళ్లగూడు:
కుందేళ్లకు నెలసరి ఉండదండీ. మగది దాటినప్పుడే అండం విడుదలవుతుంది, నెలనెలా నెత్తురు పోవడమనేదే లేదు. కాబట్టి ఆడ కుందేలు నుంచి నెత్తురు వస్తే దానికి ఏదో ఒక జబ్బు కారణం అయ్యే తీరుతుంది.

అయితే ఎర్రగా ఉన్నదంతా నెత్తురు కాదు. ఆకుల్లోని రంగుల వల్ల ఆరోగ్యంగా ఉన్న కుందేలు మూత్రం కూడా లేత పసుపు నుంచి నారింజ, ఇటుక రంగు దాకా మారుతుంది. బీట్‌రూట్, క్యారెట్, పాలకూర తిన్నాక రావచ్చు, కొన్ని యాంటీబయాటిక్స్ వాడినప్పుడూ రావచ్చు. మామూలుగా రెండు మూడు రోజుల్లో పోతుంది.

ట్రేలో గడ్డి, రంపపు పొట్టు తీసేసి తెల్లటి పాత గుడ్డ పరచండి. తిండి రంగైతే మడుగు మొత్తం ఒకే రంగులో, అంచుదాకా సమంగా ఉంటుంది. గర్భసంచి నుంచి వచ్చే నెత్తురైతే పసుపు మడుగులో ఒక పక్కన ఎర్రటి చార, లేదా కందిగింజంత ముదురు గడ్డ విడిగా కనిపిస్తుంది. ఆడ కుందేలులో మూత్రనాళం యోని లోపలే తెరుచుకుంటుంది. మూత్రం పోసి ముక్కినప్పుడు గర్భసంచిలో నిలిచిన నెత్తురు దాని వెనకాలే వస్తుంది. అందుకే చాలాసార్లు ఆఖరి చుక్కల్లోనే ఎరుపు ఉంటుంది. మీరు చెప్పిన "ఒక పూట మామూలు, ఒక పూట ఎరుపు" అనే తీరు నాకు బీట్‌రూట్ కన్నా గర్భసంచినే గుర్తు చేస్తోంది. మూడేళ్లు దాటి, ఆపరేషన్ కాని ఆడ కుందేలులో మొదట అనుమానించాల్సింది దాన్నే. నాలుగేళ్లు దాటాక సగానికి పైగా ఆడవాటిలో గర్భసంచి క్యాన్సర్ కనిపించిన జాతులున్నాయి. క్యాన్సర్ కాకపోయినా లోపొర మందమవడం, అక్కడి సిరలు ఉబ్బి చిట్లడం ఉంటాయి. సిరలు చిట్లితే మాత్రం ఒక్కసారిగా చాలా పోతుంది.

పరీక్షపట్టీ:
పైవారు చెప్పిన గుడ్డ పద్ధతి మంచిదే, దానితో ఆగిపోకండి. మూత్రం పరీక్ష పట్టీలు మందుల షాపులో దొరుకుతాయి. అందులో "బ్లడ్" గడి ఉన్నవే అడగండి, చక్కెర మాత్రమే చూపేవి పనికిరావు.

ట్రేను వేడినీళ్లతో కడిగి పూర్తిగా ఆరబెట్టి ఖాళీగా పెట్టండి. పోసిన వెంటనే సూది లేని సిరంజితో 2 నుంచి 5 మి.లీ. పైకి లాగండి. రెండు చుక్కలు గడి మీద వేసి, డబ్బా మీద రాసిన సెకన్లకే రంగు పోల్చండి. ఆలస్యంగా చూస్తే లేని రంగు కూడా కనబడుతుంది. తిండి రంగుకు ఆ గడి మారదు. ఎరుపు రాని పూట మూత్రం కూడా ఒకసారి చూడండి, కంటికి కనబడనంత నెత్తురు అందులో ఉండొచ్చు. మిగిలిన మూత్రం మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టి అదే రోజు డాక్టరుకు ఇవ్వండి, మైక్రోస్కోపు కింద ఎర్రకణాలు కనిపిస్తే ఇక సందేహం ఉండదు. పట్టీలో ప్రోటీన్ గడి మారిందని కంగారుపడొద్దు, కుందేలు మూత్రం క్షారం కాబట్టి ఆ గడి తరచూ తప్పు చూపుతుంది.

హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తే నురగ వస్తే నెత్తురే అని కొందరు చెబుతారు. ట్రేలో చీము, మురికి ఉన్నా నురగ వస్తుంది. దాన్ని నమ్మి నిర్ణయం తీసుకోవద్దు.

మడ్డిరాయి:
సిరప్ వద్దండీ. మనిషి మూత్రం ఆమ్లంగా ఉన్నప్పుడు మంట తగ్గించడానికి దాన్ని క్షారంగా మార్చే మందు అది. కుందేలు మూత్రం పీహెచ్ మామూలుగానే 8 దాటి ఉంటుంది. కుందేలు మూత్రసంచిలో వచ్చే రాళ్లలో ఎక్కువ భాగం కాల్షియం కార్బొనేటు, అవి ఆ మందుకు కరగవు. కొండపిండి ఆకు కషాయానికీ ఇదే మాట.

రాళ్ల సంగతి ఎందుకంటే, మీ మేతలో దానికీ దారి ఉంది. చాలా జంతువులు తమకు కావలసినంత కాల్షియమే పేగు నుంచి పీల్చుకుంటాయి. కుందేలు తిన్నదానికి తగ్గట్టు పీల్చుకుని, ఎక్కువైనది కిడ్నీల ద్వారా పారేస్తుంది. తోటకూర, మునగాకు రెండింటిలోనూ కాల్షియం ఎక్కువ. నీళ్లు తక్కువ తాగితే అది మూత్రసంచి అడుగున తడి సున్నంలా పేరుకుంటుంది. గోడ ఒరుసుకుని నెత్తురు వస్తుంది. అప్పుడు కుందేలు ట్రేలో చాలాసేపు వంగి కూర్చుంటుంది, చుక్కచుక్కగా పోస్తుంది, వెనక కాళ్ల మధ్య బొచ్చు తడిసి వాసన వేస్తుంది. గుడ్డ ఆరాక తెల్లటి పొడి దట్టంగా మిగులుతుంది. కొంచెం పొడి అందరికీ ఉండేదే.

ఈ రాళ్లు ఎక్స్‌రేలో తెల్లగా స్పష్టంగా కనిపిస్తాయి. గర్భసంచికి మాత్రం స్కానింగ్ కావాలి. రెండూ ఒకే రోజు చేయించండి. డాక్టరు యాంటీబయాటిక్ రాస్తే నోటిద్వారా అమాక్సిసిలిన్, యాంపిసిలిన్, క్లిండామైసిన్ ఇవ్వకూడదని గుర్తు చేయండి. పేగులోని మంచి సూక్ష్మజీవులు చచ్చి, విషం చేసేవి పెరిగి కుందేలు ప్రాణం పోతుంది. కుక్కల వైద్యం ఎక్కువగా చేసేవారు ఒక్కోసారి అలవాటుగా రాసేస్తారు.

గరికమేత:
గుడ్డ మీద పసుపు మడుగు, పక్కన రెండు ముదురు గడ్డలు. పట్టీలో బ్లడ్ గడి పూర్తిగా ముదిరింది. ఎరుపు లేని పూట కూడా కొద్దిగా మారింది. రేపు సాయంత్రానికి అపాయింట్‌మెంట్ దొరికింది. ఈలోపు ఏం చూడాలి? ఆపరేషన్ అంటే ముందురోజు తిండి ఆపాలా?

కుందేళ్లగూడు:
ఆపవద్దు. కుందేలు వాంతి చేసుకోలేదు, కడుపు ఖాళీ అయితే పేగు కదలిక ఆగిపోయే ప్రమాదమే ఎక్కువ. గడ్డి మత్తుకు కాస్త ముందుదాకా ఉండాలి. రాత్రి నుంచి ఉపవాసం అని ఎవరైనా చెబితే ఎందుకని తప్పకుండా అడగండి.

ఈ రాత్రికి: పై పెదవి ఎత్తి చిగుళ్ల రంగు చూడండి, గులాబీగా ఉండాలి. 2.6 కిలోల కుందేలు ఒంట్లో ఉండే నెత్తురంతా కలిపి సుమారు 150 మి.లీ. అందులో 20, 25 మి.లీ. ఒకేసారి పోయినా ప్రమాదమే. చిగుళ్లు పాలిపోయినా, చెవులు చల్లబడినా, మూలన ముడుచుకుని కూర్చున్నా, గుడ్డ మొత్తం ఎర్రబడినా రేపటిదాకా ఆగకండి. పన్నెండు గంటలు తినకపోయినా, మూత్రం రాకపోయినా అంతే. నొప్పికి పారాసెటమాల్ లాంటివి మీరుగా వేయొద్దు.

రేపు డాక్టరును మూడు అడగండి: ఆపరేషన్‌కు ముందు ఛాతీ ఎక్స్‌రే (ఈ క్యాన్సర్ తరచూ ఊపిరితిత్తులకు పాకుతుంది), రక్తంలో పీసీవీ (ఎర్రకణాల శాతం) ఎంత, తీసిన గర్భసంచిని ల్యాబుకు పంపుతారా. అండాశయాలతో సహా గర్భసంచి రెండు కొమ్ములూ (పాయలు) తీయాలి. కుందేళ్లకు మత్తు ఇచ్చిన అనుభవం ఉందా అన్నదీ మొహమాటపడకుండా అడగండి. హైదరాబాద్ దగ్గరైతే రాజేంద్రనగర్, ఆంధ్ర వైపైతే తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలలను కూడా కనుక్కోవచ్చు.

ఇంటికి వచ్చాక అదే రోజు తినడం మొదలవ్వాలి. తినకపోతే పెల్లెట్లు గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి మెత్తగా చేసి, కిలోకు 10 నుంచి 15 మి.లీ. చొప్పున ఆరు నుంచి ఎనిమిది గంటలకోసారి, సిరంజి నోటి పక్క సందులో పెట్టి కొద్దికొద్దిగా ఇవ్వండి. మింగాకే తర్వాతది.

మడ్డిరాయి:
నీళ్లు సీసాలో కాకుండా బరువైన మట్టి మూకుడులో పెట్టండి, ఎక్కువ తాగుతాయి. తోటకూర, మునగాకు బదులు గరిక, కొత్తిమీర. మార్పు వారం పది రోజుల్లో మెల్లగా చేయండి, ఆపరేషన్ వారంలో మాత్రం అలవాటైన మేతనే ఉంచండి.