కుట్లకు ముందు చుక్క నీళ్లు కూడా ఇవ్వకూడదా? నాలుగు గంటలుగా ఎదురుచూస్తున్నాము

నిద్రలేని నాన్న:
నాలుగు గంటలుగా అత్యవసర విభాగంలోనే కూర్చుని ఉన్నాము. పాప పడి దెబ్బ తగిలించుకుంది. రాగానే ఒక నర్సు గాయం చూసి, గాజుగుడ్డ పెట్టి, "కుట్లు పడతాయి, మత్తు ఇస్తారు, ఏమీ పెట్టకండి" అని చెప్పి వెళ్లిపోయారు. మా వెనుక వచ్చిన ముగ్గురిని లోపలికి పిలిచారు గానీ మమ్మల్ని మాత్రం పిలవలేదు. పాప దాహమని ఏడ్చి ఏడ్చి, నా చొక్కా గుండీ పట్టుకుని ఇప్పటికీ వెక్కుతోంది. నీళ్లు కూడా ఇవ్వకూడదా? ఇంత చిన్న గాయానికి మత్తు అవసరమా? తెలిసినవారు దయచేసి చెప్పండి.

రాత్రి డ్యూటీ:
వయసు ఎంత? గాయం ఎక్కడ? ఎంత సేపయింది? రక్తం ఆగిందా? వాంతి అయిందా? ఇవేవీ చెప్పకుండా ఎవరు మాత్రం ఏమి చెప్పగలరు?

టీకా పుస్తకం:
మత్తు సంగతి అటుంచి, ముందుగా ధనుర్వాతం టీకాల లెక్క చూసుకోండి. తుప్పు పట్టిన ఇనుము గీసుకుంటేనే ధనుర్వాతం వస్తుందని మనవారిలో గట్టి నమ్మకం ఉంది. ఆ వ్యాధికి మూలం తుప్పు కాదు, మట్టిలోనూ పశువుల పేడలోనూ ఉండే సూక్ష్మజీవి. అలాగే గీత పడిన ప్రతిసారీ సూది వేయించడమూ సరికాదు. మొదటి మోతాదులన్నీ పూర్తయిన పిల్లలకు శుభ్రమైన చిన్న గాయమైతే, చివరి మోతాదు తీసుకుని 10 ఏళ్లు దాటితేనే మళ్లీ టీకా అవసరం, మట్టి పడిన గాయమైతే 5 ఏళ్లు దాటితే అవసరం. టీకా పుస్తకం వెంట తీసుకుని వెళ్లారా?

నిద్రలేని నాన్న:
పుస్తకం ఇంట్లోనే ఉండిపోయింది. పాపకు మూడేళ్లు. పరుగెత్తుతూ బల్ల అంచుకు కొట్టుకుంది, కుడి కనుబొమ్మ మీద చీలింది, నా చిటికెన వేలి గోరంత పొడవు ఉంటుంది. గుడ్డతో గట్టిగా అదిమి పట్టుకుంటే రక్తం ఆగింది. వాంతి కాలేదు, స్పృహ తప్పలేదు, దెబ్బ తగిలిన వెంటనే ఏడ్చింది. అన్నట్టు, పడడానికి కాస్త ముందే గ్లాసెడు పాలు తాగింది. ఇవన్నీ రాయాలని నాకు తోచలేదు.

ఇద్దరు అల్లరివాళ్ల అమ్మ:
మా రెండోవాడికి నుదుటి మీద ఇదే జరిగింది కనుక నాకు తెలిసినంత చెబుతాను. మీ తరువాత వచ్చినవారిని ముందు పిలవడం అన్యాయమేమీ కాదు, అక్కడ వరుస వచ్చిన సమయాన్ని బట్టి కాక ప్రాణాపాయాన్ని బట్టి ఉంటుంది. ముఖం మీది శుభ్రమైన గాయాన్ని కొన్ని గంటలు ఆలస్యమైనా మూయవచ్చు కాబట్టి ఆ బెంగ కూడా వద్దు. ఇక మత్తు విషయం. మా వాడికి నిద్రపుచ్చే మందు ఇవ్వనే లేదు, గాయంలో ఒక జెల్ నింపి అరగంట ఆగారు, తరువాత సూది గుచ్చుతున్నా వాడికి తెలియలేదు. దుప్పటిలో చేతులు కదలకుండా చుట్టి, నా ముఖం వాడి ముఖానికి దగ్గరగా పెట్టమన్నారు. నొప్పికి కాదు, కట్టేశారనే వాడు ఏడ్చాడు. మరొక మాట, ఎవరైనా కనుబొమ్మ గొరుగుతామంటే ఒప్పుకోకండి, రెండు అంచులను సరిగ్గా కలపడానికి ఆ వెంట్రుకలే గుర్తు.

మాటల తక్కెడ:
అమ్మగారు చెప్పిన జెల్‌ను మత్తు అనకూడదు. మత్తు అంటే తెలివి మసకబారడం. చర్మానికి స్పర్శ పోగొట్టేది తిమ్మిరి మందు. ఈ రెండింటినీ ఒకే మాటతో పిలవడం వల్లనే ఈ అయోమయమంతా.

ఇద్దరు అల్లరివాళ్ల అమ్మ:
తిమ్మిరి అంటే కాలు మడిచి కూర్చుంటే ఎక్కేది కదండీ. పన్ను పీకేముందు వేసేదాన్ని అందరూ మత్తు సూది అనే అంటారు, ఆసుపత్రి వారూ అదే మాట అంటారు.

మాటల తక్కెడ:
అందరూ అన్నంత మాత్రాన తప్పు ఒప్పు కాదు.

రాత్రి డ్యూటీ:
పేరు ఏదైనా పెట్టుకోండి. నాన్నగారూ, లేచి వెళ్లి ఒక్క ప్రశ్న అడగండి: "కుట్లు వేసేటప్పుడు పాప నిద్రలో ఉంటుందా, మెలకువగా ఉంటుందా?" నిద్రపుచ్చేటట్లయితే కడుపు ఖాళీగా ఉండాలి, కడుపులోనిది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంటుంది. సాధారణంగా మామూలు పాలకూ తేలిక ఆహారానికీ 6 గంటలు, తల్లిపాలకు 4, మంచినీళ్లకు 2 గంటల ఎడం చూస్తారు. మెలకువగా ఉంచేటట్లయితే పస్తు ఉంచే అవసరం సాధారణంగా ఉండదు. వారిని అడగకుండా మాత్రం ఏమీ ఇవ్వకండి. పాలు తాగిన సమయం కూడా చెప్పండి.

కుట్టు వద్దు:
గోరంత గాయానికి కుట్లెందుకు? జిగురుతో అతికించమని అడగండి, నొప్పీ ఉండదు, మళ్లీ విప్పించుకోవడమూ ఉండదు.

రాత్రి డ్యూటీ:
కంటికి అంత దగ్గరలో జిగురు జారితే రెప్పలు అతుక్కుంటాయి. వాడకూడదని కాదు, నిర్ణయం చూసినవారిది. మనమెవరమూ గాయం చూడలేదు.

నిద్రలేని నాన్న:
అడిగాను. మెలకువగానే ఉంటుందట. నీళ్లు ఇవ్వవచ్చన్నారు, ఆ మాట నాలుగు గంటల ముందు చెప్పి ఉంటే ఎంత బాగుండేది! ఇప్పుడే జెల్ పెట్టారు. అయితే గాయం చుట్టూ చర్మం రూపాయి బిళ్లంత మేర సున్నం కొట్టినట్టు తెల్లబడిపోయింది. ఇది ప్రమాదమా?

రాత్రి డ్యూటీ:
కాదు. అందులో రక్తనాళాలను ముడిచే మందు ఉంటుంది. తెల్లబడిందంటే మందు పట్టిందని గుర్తు.

మాటల తక్కెడ:
గమనించారా? "మత్తు" అన్న ఒక్క మాట వల్ల పసిపాప నాలుగు గంటలు దాహంతో ఉంది. నేను చెప్పినది ఇదే.

ఇద్దరు అల్లరివాళ్ల అమ్మ:
తిమ్మిరి అని ఉంటే మాత్రం ఎవరికి అర్థమయ్యేదండీ? "నిద్రపుచ్చము" అని తెలుగులో చెప్పి ఉంటే సరిపోయేది.

నిద్రలేని నాన్న:
మూడు కుట్లు పడ్డాయి. విప్పడానికి ఐదో రోజున రమ్మన్నారు. ఈ రాత్రి పదే పదే వాంతులైనా, లేపితే లేవనంత మగతగా ఉన్నా వెంటనే తీసుకురమ్మన్నారు. పాప నా భుజం మీద నిద్రపోయింది, ఒంటి చేత్తో రాస్తున్నాను. అందరికీ కృతజ్ఞతలు.

టీకా పుస్తకం:
పుస్తకం చూశారా? చివరి మోతాదు ఎప్పుడు వేయించారు?