చర్చ: అగస్టీన్ ‘కన్ఫెషన్స్’ను తొమ్మిదో భాగంతో ఆపవచ్చునా?

ప్రతిపాదన:
మా అధ్యయన బృందం ప్రాచీన క్రైస్తవ గురువు అగస్టీన్ లాటిన్‌లో రాసిన ‘కన్ఫెషన్స్’ (ఒప్పుకోలు) చదువుతోంది. మొత్తం 13 భాగాలలో మొదటి తొమ్మిదీ ఆయన జీవితకథ. క్రీ.శ. 386లో ఇటలీలోని మిలాన్‌లో ఒక తోటలో ఆయన మనసు క్రీస్తు వైపు తిరగడం, 387లో బాప్తిస్మం, అదే ఏడు తల్లి మోనికా మరణంతో ఆ కథ ముగుస్తుంది. తక్కిన నాలుగూ జ్ఞాపకం, కాలం, సృష్టి గురించిన విచారణ. ఈ కాలపు పాఠకులకు మొదటి తొమ్మిదీ చాలునని నా అభిప్రాయం.

మొదటి స్పందన:
నేను ఏకీభవించలేను. మన సంఘాలలో సాక్ష్యం చెప్పే తీరును గమనించండి. ‘ఒకప్పుడు ఇలా ఉండేవాణ్ణి, ప్రభువు నన్ను మార్చాడు’ అన్నచోట అది ఆగిపోతుంది; మారిన తరువాతి పదేళ్ల సంగతి ఎవరూ అడగరు. తొమ్మిదో భాగంతో ఆపితే అగస్టీన్ చేత కూడా మనం అటువంటి సాక్ష్యమే చెప్పించినవాళ్లం అవుతాం. ఆయన ఈ గ్రంథాన్ని సుమారు 397లో, బాప్తిస్మం పొందిన పదేళ్లకు, ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో నగర బిషప్పుగా ఉండగా మొదలుపెట్టాడు. తాను ఇప్పుడు ఎలా ఉన్నాడో చెప్పేది పదో భాగంలోనే. మెలకువలో విడిచిపెట్టిన పాత అలవాట్లు కలల్లోకి వస్తున్నాయని, ఆరాధనలో పాడే మాటకంటే పాటకే మనసు కరిగినప్పుడు అది తప్పేనని, పొగడ్తను లెక్కచేయననుకోవడంలో కూడా గర్వం దాగి ఉంటుందని అక్కడ ఒప్పుకుంటాడు. ఇంట్లో కూర్చుని ఉన్నప్పుడు బల్లి ఈగలను పట్టడం చూస్తూ తన ధ్యాస అక్కడే చిక్కుకుంటుందని కూడా దాచకుండా రాశాడు. పక్కన ఫోను పెట్టుకుని ప్రార్థనకు మోకరించే మనకు ఇంతకంటే దగ్గరి మాట ఏముంటుంది?

పేరు సంగతి కూడా చూడాలి. లాటిన్‌లో ‘కన్ఫెషన్’ అనే మాటకు పాపాన్ని ఒప్పుకోవడం, దేవుణ్ణి స్తుతిస్తూ ప్రకటించడం అనే రెండర్థాలూ ఉన్నాయి. మన తెలుగు బైబిలు కూడా పాపాలను ‘ఒప్పుకొను’టకూ, యేసును ప్రభువని ‘ఒప్పుకొను’టకూ ఒకే క్రియను వాడింది. సృష్టిని ధ్యానించే చివరి భాగాలను వదిలేస్తే పేరులోని రెండో అర్థం చాలామేరకు పోతుంది.

ప్రతివాదం:
దాచకుండా రాశాడని మీరు అగస్టీన్ నిజాయితీని మెచ్చుకుంటున్నారు. పదేళ్లకు పైగా తనతో కాపురం చేసి, అదెయోదాతుస్ అనే కొడుకును కన్న స్త్రీ పేరైనా ఆయన చెప్పలేదు. తనకు వేరొకరితో పెళ్లి నిశ్చయమైందని ఆమెను ఆఫ్రికాకు పంపించివేశారు. ఇది ఏ నిజాయితీ?

సమాధానం:
ఇంతవరకు వచ్చిన అభ్యంతరాలలో ఇదే బరువైనది, దీనిని నేను సమర్థించబోను. ఆరో భాగంలో ఆయన తన గుండె చీలి రక్తమోడిందని రాశాడు. ఇక ఏ పురుషుణ్ణీ ఎరుగనని ఆమె మొక్కుకుని వెళ్లిందనీ, తాను మాత్రం నిశ్చయమైన పెళ్లికి రెండేళ్లు ఆగలేక మరొక స్త్రీని చేరదీశాననీ చెప్పి, ఆమె ముందు తానే తక్కువవాణ్ణని ఒప్పుకున్నాడు. అయినా ఆమెకు తాను చేసిన అన్యాయాన్ని అన్యాయమని ఎక్కడా అనలేదు. పదో భాగంలో తన లోపాలను అంత నిశితంగా తరచిచూసుకున్న మనిషికి అక్కడ కూడా ఆమె గుర్తుకు రాలేదు. నాకు పదో భాగం చదవాలనిపించేది ఇందువల్ల కూడా. ఆరో భాగంలోని ఆ పేజీని బృందంలో బిగ్గరగా చదివి, వెంటనే పదోది తెరుద్దాం.