మే నెలల అమ్మానాన్న, పిల్లలతోని దీవి, సింగపూర్: పోయొచ్చినోళ్లు చెప్పుండ్రి

మిర్యాలగూడ రైతుబిడ్డ:
అందరికి నమస్తే. బడులకు ఎండాకాలం సెలవులు ఇచ్చినంక అమ్మ, నాన్న, మేమిద్దరం, ఇద్దరు పిల్లలు కలిసి ఏదన్న దీవికి పోయి, సింగపూర్ చూసి రావాలని ఉంది. నాన్నకు మోకాళ్ల నొప్పులు. అమ్మకు షుగర్, ఇన్సులిన్ తీసుకుంటది. ఇద్దరూ నీసు ముట్టరు, విమానం ఎక్కుడు కూడా ఇదే మొదలు. హైదరాబాద్‌ల ఒక ఏజెంట్ ఫుకెట్, ఫీఫీ, క్రాబీ, ఆఖరికి సింగపూర్ అని ప్యాకేజీ చెప్పిండు. దాదాపు రోజుకో హోటల్ మారుడే. పెద్దమనుషులతోని అయితదా? నాలుగు పైసలు ఎక్కువైనా సరే, వాళ్లు సంబురంగ తిరిగి రావాలె.

పాలమూరు సారు:
తమ్మీ, ప్యాకేజీ కన్న ముందు నెల చూడు. ఫుకెట్, ఫీఫీ, క్రాబీ మూడూ థాయ్‌లాండ్‌కు పడమటి దిక్కు, అండమాన్ సముద్రం ఒడ్డున ఉంటయి. నైరుతి రుతుపవనం మనకు జూన్‌ల వస్తే వాళ్లకు మే నెలలనే మొదలైతది, అక్టోబర్ దాక పోదు. సముద్రం లేచి ఉంటది, బీచ్‌ల మీద ఎర్ర జెండాలు పెడతరు, పడవలు రద్దయితయి. ఆ పక్కనే ఉన్న సిమిలన్ దీవులనైతే మే నడుమ నుంచి అక్టోబర్ నడుమ దాక సర్కారే మూసేస్తది. అందుకే ఆ రోజుల్ల రిసార్టులు చవకగ దొరుకుతయి, ఏజెంట్లు అవే చూపిస్తరు. మేం జూన్ మొదట్ల ఫుకెట్ పోయినప్పుడు పిల్లలు ఎక్కువ సేపు హోటల్ ఈతకొలనులనే ఉన్నరు.

అదే థాయ్‌లాండ్‌కు తూర్పున ఉన్న కో సమూయి లెక్క వేరు. అక్కడ గట్టి వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాక, మే నెలల బాగుంటది. మలేసియాల కూడ పెర్హెంతియన్, రెడాంగ్ దీవులు తూర్పు ఒడ్డువే, మన ఎండాకాలం సెలవులకు సరిపోతయి. ఇండోనేసియాల ఉన్న బాలి దీవిల ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాక వానలు తక్కువ. సంక్రాంతికి పోతానంటే ఫుకెట్ గని, మలేసియా పడమటి దిక్కున్న లంకావీ దీవి గని పొమ్మని నేనే చెప్తుంటి.

ఇంకో మాట గట్టిగ చెప్తున్న. మన పిల్లలకు బావుల్ల ఈత వచ్చినా సముద్రంల ఆ ఈత పనికిరాదు. లోపలికి గుంజే ప్రవాహంల చిక్కితే ఒడ్డు దిక్కు ఎదురీది అలిసిపోతరు. ఒడ్డుకు సమానంగ పక్కకు ఈది, గుంజుడు తగ్గినంక బయటికి రావాలె. ఎర్ర జెండా ఉంటే మోకాళ్ల లోతుకు కూడ దిగనియ్యొద్దు.

నకిరేకల్ కోడలు:
సారు చెప్పింది నిజం. మేం అత్తమ్మ, మామయ్యలతోని బాలి, సింగపూర్ పోయినం. అన్న అడిగిన తీరుకు బాలి సరిగ్గ సరిపోతదని నా మనసుకు అనిపిస్తుంది.

నుసా దువా దిక్కు ఉండుండ్రి. అక్కడ పగడపు దిబ్బ అలలను ఆపుతది, నీళ్లు నెమ్మదిగ ఉంటయి. కూటా, సెమిన్యాక్ బీచ్‌లు అలల మీద పలకేసుకొని ఆడెటోళ్లకు మంచివి, చిన్నపిల్లలకు కాదు. ఒక్కటే రిసార్టుల మకాం పెట్టి, డ్రైవర్‌తోని కారు మాట్లాడుకుంటే చాలు. రైలు లేదు, రోడ్ల మీద బండ్ల రద్దీ బాగ ఉంటది, అందుకే దినానికి ఒక్క చోటు కన్న ఎక్కువ పెట్టుకోవద్దు. రూములు పక్కపక్కన, కింది అంతస్తుల ఇయ్యమని ముందే రాసి పంపుండ్రి. కొన్ని రిసార్టులు గుట్ట వాలు మీద ఉంటయి, భోజనానికి పోవాలన్నా మెట్లే.

ఉలువాటు గుడి దగ్గర పొద్దుగూకే యాళ్లకు కెచక్ నాట్యం ఉంటది. వాయిద్యాలు ఉండయి. గుంపుగ కూసున్న మగవాళ్లు నోటితోనే తాళమేస్తుంటే రామాయణం ఆడతరు. మా మామయ్య చిన్నప్పుడు ఊర్ల రాత్రంత చిందు యక్షగానం చూసిన మనిషి. హనుమంతుడు వచ్చి మంటల నడుమ ఆడుతుంటే ఆయన మొఖం చూడాలె! భాష రాకున్నా ప్రతి ఘట్టం మనుమరాలికి ఆయనే చెప్పిండు. నాకైతే ఆ ఒక్క సాయంత్రానికే ఖర్చు పెట్టిందంత వచ్చినట్టయింది. కాకపోతే మెట్లున్నయి, తొందరగ పోయి మీ నాన్నను కింది వరుసల కూసోబెట్టుండ్రి. కోతులు కండ్లద్దాలు గుంజుకపోతయి, తీసి సంచిల పెట్టుకోవాలె.

తిండికి భయం వద్దు, అన్నం అంతట దొరుకుతది. గని కూరగాయల వంటకంల కూడ రొయ్యల ముద్ద కలుపుతరు, అడిగి తినాలె. నల్లా నీళ్లు తాగొద్దు, సీసా నీళ్లే.

వనపర్తి వెంకన్న:
నేను వేరే చెప్తా. అందరు దీవి ముందు అంటరు, నేనైతే సింగపూర్ ముందు పెట్టుకున్న. నగరంల నడిచి నడిచి కాళ్లు గుంజుతయి, ఆఖరికి సముద్రం ఒడ్డున పండుకుంటే పానం నిమ్మళమైతది. పెద్దోళ్లు అలసటతోని ఇంటికి రావొద్దు కద.

దేవరకొండ ట్రావెలర్:
వెంకన్నా, మీ మాటల న్యాయం ఉంది. అయినా టికెట్ లెక్కల దీవి ముందే నయం. శంషాబాద్ నుంచి సింగపూర్, అక్కడి నుంచి బాలి ఒకటే టికెట్ మీద తీసుకుంటే పోయేటప్పుడు సామాను నేరుగ బాలిల దొరుకుతది, సింగపూర్‌ల బయటికి రావాల్సిన పని లేదు. వేర్వేరు టికెట్లు కొంటే నడుమ బయటికొచ్చి సామాను మళ్ల వేయాల్సి వస్తది, అప్పుడు సింగపూర్ వీసా రెండుసార్లు పనిచేసేది కావాలె. సామాన్లు కొనుడు కూడ ఆఖర్ల పెట్టుకుంటేనే మంచిది, దీవులన్ని మోసుక తిరుగొద్దు.

కాగితాలు: పాస్‌పోర్టుకు ఆర్నెల్ల గడువు ఉండాలె. పిల్లల పాస్‌పోర్టు ఐదేండ్లకే అయిపోతది, ఇయ్యాలనే తీసి చూడుండ్రి. సింగపూర్ వీసా గుర్తింపున్న ఏజెంట్ ద్వారనే పెట్టాలె. అరైవల్ కార్డు మాత్రం దిగే ముందు మూడు దినాల లోపల ఆన్‌లైన్ల ఉచితంగ నింపొచ్చు, దానికి ఎవ్వరికీ పైసలియ్యకుండ్రి. బాలిల వీసా మనిషికి 5 లక్షల రూపాయలు, అంటే ఇండోనేసియా రూపాయలు. 2024 ఫిబ్రవరి నుంచి ఇంకో లక్షన్నర పర్యాటక రుసుము. పిల్లలకు కూడ కట్టాలె. ప్యాకేజీ తీసుకుంటే టీసీఎస్ అని పన్ను ముందే పట్టుకుంటరు, ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్ వేసినప్పుడు లెక్కల చూపించుకోవచ్చు.

నకిరేకల్ కోడలు:
సింగపూర్ సంగతి మరిచిన. మెట్రో స్టేషన్లల్ల లిఫ్టులు ఉంటయి, రాత్రి జంతువులను చూసే నైట్ సఫారీల ట్రామ్ ఉంది, మోకాళ్లకు ఇబ్బంది లేదు. సెరంగూన్ రోడ్ మీద శ్రీనివాస పెరుమాళ్ గుడి ఉంది, అదే రోడ్డున 1947 నుంచి నడుస్తున్న కోమల విలాస్‌ల శాకాహారమే. పెద్దోళ్లు ఆకలితోని ఉండరు. పచ్చళ్లు పెద్ద సూట్‌కేసుల పెట్టుకోండ్రి, చేతి బ్యాగుల ఆపుతరు. కుడుకలు మాత్రం తీసుకపోకుండ్రి, సూట్‌కేసుల పెట్టనియ్యరు.

మిర్యాలగూడ రైతుబిడ్డ:
అందరికి దండాలు. ఫుకెట్ వద్దని ఏజెంట్‌కు చెప్పేసిన, బాలి, సింగపూర్ ఖాయం. నాన్నకు రామాయణం సంగతి చెప్తే అప్పుడే తయారైండు. అమ్మ ఇన్సులిన్ ఎట్ల తీసుకపోవాలె? టైం తేడాకు సూది ఎప్పుడియ్యాలె?

సూర్యాపేట సిస్టర్:
అన్నా, నేను దవాఖానల నర్సును. ఇన్సులిన్ చేతి బ్యాగులనే పెట్టుండ్రి, కింద సామాన్లతోని వేస్తే గడ్డకట్టి పాడయ్యే ప్రమాదం ఉంది. ఐస్ ప్యాక్‌కు నేరుగ తగలకుండ గుడ్డ చుట్టాలె. ఇంగ్లీషుల రాసిన డాక్టర్ చీటీ, సూదులు, షుగర్ చూసే మిషన్ అన్నీ ఒక్క సంచిల ఉండాలె. సగం మందులు మీ సంచిల, సగం వదిన సంచిల పెట్టుకుంటే ఒకటి పోయినా ఇంకోటి ఉంటది. బాలి, సింగపూర్ రెండూ మనకన్న రెండున్నర గంటలు ముందుంటయి. ఏ పూట ఎంత డోసు అనేది అమ్మను చూసే డాక్టర్‌తోని పోయే ముందే రాయించుకోండ్రి. రాత్రి విమానమైతే ఆమె చేతిల బిస్కట్లు, గ్లూకోజ్ ఉండాలె, అన్నం ఎప్పుడొస్తదో చెప్పలేం. విమానాశ్రయంల ఇద్దరికీ చక్రాల కుర్చీ టికెట్ తీసుకునేటప్పుడే అడుగుండ్రి, దానికి పైసలు తీసుకోరు.